వెన్నుకు సూది పడ్డాక వచ్చే తలనొప్పి: ఒక సమీక్ష

హైదరాబాదు తూర్పు భాగంలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి కర్మన్‌ఘాట్ మీదుగా ఎల్బీనగర్ వరకు ఉన్న ప్రాంతంలో ప్రసూతి ఆసుపత్రులు, ఎముకల ఆసుపత్రులు, నొప్పి చికిత్స కేంద్రాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. వాటన్నిటిలోనూ తరచుగా జరిగే పని నడుము దగ్గర వెన్నులోకి సూది పంపడం. సిజేరియన్‌కు, హెర్నియాకు, మోకీలు మార్పిడికి మత్తు ఇవ్వడానికి ఆ సూది వేస్తారు. మెదడు జ్వరం అనుమానం ఉన్నప్పుడు వెన్నులో నీరు తీయడానికి, నడుము నుంచి కాలిలోకి లాగే నొప్పికి స్టెరాయిడ్ ఎక్కించడానికి కూడా అదే దారి. 2019–21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు శస్త్రచికిత్స ద్వారానే జరిగాయి. దేశం మొత్తం సగటు 21.5 శాతమే. సిజేరియన్లలో అత్యధికం వెన్ను మత్తుతోనే జరుగుతాయి కనుక, ఆ తరువాత వచ్చే తలనొప్పి, చూపు మసకబారడం, కాళ్ల తిమ్మిరి వంటి లక్షణాలకు కారణమేమిటన్న ప్రశ్న తెలంగాణలో ప్రతి వీధికీ సంబంధించినదే.

ఈ ప్రశ్నకు వాడుకలో రెండు జవాబులు స్థిరపడిపోయాయి. ఇంట్లోవారు ప్రతి బాధనూ ‘మత్తు సూది’ మీదికి నెడతారు; ఆసుపత్రిలో కొందరు ప్రతి తలనొప్పినీ ‘స్పైనల్ హెడేక్, తగ్గిపోతుంది’ అని పంపేస్తారు. రెండూ ఒకే పొరపాటుకు రెండు ముఖాలు, ఎందుకంటే రెండింటిలోనూ కారణం ఒక్కటేనన్న నమ్మకం దాగి ఉంది. మత్తు విషయంలో ఒకే కారణాన్ని పట్టుకుని వేలాడటం ఈ నగరానికి కొత్త కాదు. క్లోరోఫామ్‌తో సంభవించే మరణాలు శ్వాస ఆగడం వల్లనా, గుండె ఆగడం వల్లనా అని తేల్చడానికి వైద్యుడు ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, నిజాం ప్రభుత్వ ఖర్చుతో, 1888లోనూ 1889లోనూ రెండు హైదరాబాదు క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. శ్వాసను గమనిస్తే చాలునని అవి గట్టిగా తేల్చిచెప్పగా, తేలికపాటి క్లోరోఫామ్ మత్తులోనే గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించాడు. లారీ చూసినది అబద్ధం కాదు, అతడు చూడనిది కూడా ఉందంతే.

లక్షణాలు అర్థం కావాలంటే సూది ఏయే పొరలు దాటుతుందో తెలియాలి. వెన్నుపాము మెదడు అడుగు నుంచి మొదలై పెద్దవారిలో సాధారణంగా నడుము మొదటి లేదా రెండవ వెన్నుపూస దగ్గర ముగుస్తుంది. దాని కింద గుర్రపు తోకలాగా నరాల కట్ట మాత్రమే ఉంటుంది. వెన్నుపామును, నరాలను, మెదడును కలిపి చుట్టిన గట్టి సంచి వంటి పొర డ్యూరా. ఆ సంచిలో ఉండేది మస్తిష్కమేరు ద్రవం. పెద్దవారిలో ఈ ద్రవం ఏ సమయంలోనైనా దాదాపు 150 మిల్లీలీటర్లు ఉంటుంది, రోజుకు సుమారు 500 మిల్లీలీటర్ల చొప్పున కొత్తగా ఊరుతూ, అంతే మేర రక్తంలోకి ఇంకుతూ ఉంటుంది. స్పైనల్ మత్తులో సన్నని సూది డ్యూరాను దాటి ఈ ద్రవంలోకి మందు వదులుతుంది; ఎపిడ్యూరల్‌లో లావు సూది డ్యూరాకు ముందే ఆగిపోయి, బయటి జాగాలో సన్నని గొట్టాన్ని లేదా మందును ఉంచుతుంది. అందువల్ల స్పైనల్‌లో రంధ్రం పడటం ఉద్దేశించినదే, ఎపిడ్యూరల్‌లో రంధ్రం పడితే అది ప్రమాదవశాత్తు జరిగినది, పైగా పెద్దది.

రంధ్రం నుంచి ద్రవం కారడం వల్ల వచ్చే తలనొప్పికి ఈ విద్యకున్నంత వయసుంది. జర్మనీలోని కీల్ నగరంలో 1898 ఆగస్టులో కొకైన్‌తో వెన్ను మత్తును ప్రయోగించిన ఆగస్ట్ బియర్, తన సహాయకుడు హిల్డెబ్రాంట్‌తో కలిసి ఆ పద్ధతిని ఒకరిపై ఒకరు పరీక్షించుకున్నాడు. ఆపైన రోజుల తరబడి లేచి నిలబడితే చాలు తల పగిలిపోయేంత నొప్పిని అనుభవించి, పడుకుంటే అది తగ్గుతుందని నమోదు చేశాడు. ద్రవం పోయినందువల్లనే ఈ బాధ అని ఆనాడే అతడు ఊహించాడు. తరువాతి పరిశీలనలు ఆ ఊహను బలపరిచాయి. ద్రవం తగ్గినప్పుడు, నిలబడిన మనిషిలో మెదడు కాస్త కిందికి జారి, దాన్ని పట్టి ఉంచే పొరలు, రక్తనాళాలు లాగబడతాయి. పుర్రె లోపలి జాగా మారదు కనుక, తగ్గిన ద్రవం చోటును నింపడానికి సిరలు ఉబ్బుతాయి. ఈ రెండింటిలో ఏది ఎంత నొప్పికి కారణమో కచ్చితంగా విడదీయలేకపోయినా, నొప్పి స్వభావం మాత్రం స్పష్టం: కూర్చున్నా నిలబడినా నుదుటిలోనూ మెడ వెనుకా మొదలై పెరుగుతుంది, వెల్లకిలా పడుకుంటే కాసేపటిలో తగ్గుతుంది, మెడ బిగుసుకోవడం, చెవుల్లో హోరు, వికారం తోడవుతాయి. అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణ దీన్ని సూది పడిన ఐదు రోజుల లోపల మొదలయ్యేదిగా నిర్వచిస్తుంది. ఎక్కువమందిలో అది రెండు మూడు రోజుల్లోనే కనిపించి, రెండు వారాల్లోపు తగ్గిపోతుంది.

ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు అనేది చాలావరకు సూది మొనమీద ఆధారపడి ఉంది. క్విన్కీ సూది మొన కత్తిలా కోస్తుంది. 1951లో వచ్చిన విటేకర్ సూది, 1987లో వచ్చిన స్ప్రోట్ సూది పెన్సిల్ ములుకులా పోగులను పక్కకు జరుపుతూ దూరతాయి. 31 వేల మందికి పైగా పాల్గొన్న 110 పరీక్షలను కలిపి 2018లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన విశ్లేషణలో, కోసే సూదులు వాడినవారిలో 11 శాతం మందికి తలనొప్పి రాగా, పెన్సిల్ మొన సూదులు వాడినవారిలో అది 4.2 శాతానికి తగ్గింది. యువతులలో, గర్భిణులలో, ఇంతకుముందు ఇదే నొప్పి వచ్చినవారిలో అవకాశం ఎక్కువ. ఎపిడ్యూరల్ లావు సూది పొరపాటున డ్యూరాను చీల్చినప్పుడు బాలింతలలో సగానికి పైగా ఈ నొప్పికి లోనవుతారు. సన్నని పెన్సిల్ మొన సూదికి, క్విన్కీ సూదికి ధరలో ఉన్న తేడా ఒక బాలింత బిడ్డను ఎత్తుకోలేక వారం రోజులు మంచం పట్టడంతో పోలిస్తే లెక్కలోకి రానిది. అయినా ఏ సూది వాడారని అడిగే రోగులు అరుదు, చెప్పే ఆసుపత్రులు మరీ అరుదు.

మత్తు తరువాత 24 గంటలపాటు దిండు లేకుండా వెల్లకిలా పడుకోవాలనీ, తల ఎత్తితే జీవితాంతం తలనొప్పి ఉంటుందనీ ఆసుపత్రి వరండాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. పరీక్షల్లో ఈ నిబంధనకు ఆధారం దొరకలేదు: పడుకోవడం వచ్చిన నొప్పిని తాత్కాలికంగా తగ్గిస్తుందే కాని రాబోయే నొప్పిని ఆపదు. పైగా కాన్పయిన స్త్రీ కదలకుండా ఉండటం కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడానికి అవకాశమిస్తుంది. వచ్చిన నొప్పికి మొదట పారాసిటమాల్, నొప్పి నివారణ మాత్రలు, తగినంత నీరు, కొంత కెఫీన్ ఇస్తారు. వాటికి లొంగని తీవ్రమైన నొప్పికి బ్లడ్ ప్యాచ్ అనే చికిత్స ఉంది: రోగి చేతి నుంచి తీసిన దాదాపు 20 మిల్లీలీటర్ల రక్తాన్ని ఎపిడ్యూరల్ జాగాలోకి ఎక్కిస్తే అది అక్కడ గడ్డకట్టి రంధ్రాన్ని మూస్తుంది. 1960లో జేమ్స్ గోర్మ్‌లీ చిన్న మోతాదుతో మొదలుపెట్టిన ఈ పద్ధతిని 1970లో డిజియోవన్నీ పెంపొందించాడు. ఇప్పటికీ దీనికి సాటివచ్చే చికిత్స మరొకటి లేదు.

ద్రవం తగ్గుదల తల నొప్పితోనే ఆగకపోవచ్చు. మెదడు కిందికి జారినప్పుడు, పుర్రె అడుగున చాలా దూరం ప్రయాణించే ఆరవ కపాల నరం లాగబడితే కంటిగుడ్డు బయటివైపు తిరగక ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది, వినికిడి మందగించవచ్చు. ఈ లక్షణాలు వారాలు, ఒక్కోసారి నెలలు పట్టినా సాధారణంగా తగ్గుతాయి. మరింత ప్రమాదకరమైనది, మెదడుకూ డ్యూరాకూ మధ్య వంతెనల్లా ఉండే సన్నని సిరలు తెగి నెమ్మదిగా రక్తం చేరడం. దీన్ని సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు. ఇక్కడే ఈ సమీక్షలోని కీలకమైన విషయం ఉంది. మొదట పడుకుంటే తగ్గిన తలనొప్పి కొన్ని రోజులకు పడుకున్నా తగ్గకుండా మారితే అది పాత నొప్పి కొనసాగడం కాదు, కొత్త జబ్బు మొదలవడం కావచ్చు. అప్పుడు స్కాన్ తీయించకుండా మాత్రలు మార్చడం క్షమించదగిన పని కాదు.

సూదితో సంబంధం లేని తలనొప్పులు సంఖ్యలో దీనికంటే ఎక్కువ. కెనడాలో బాలింతలపై జరిగిన ఒక అధ్యయనంలో మొదటి వారంలో పదిమందిలో దాదాపు నలుగురికి తలనొప్పి వచ్చినా, అందులో అధికభాగం ఒత్తిడి వల్లా మైగ్రేన్ వల్లా వచ్చినదే. కాన్పు తరువాత ఈస్ట్రోజెన్ హఠాత్తుగా పడిపోవడం మైగ్రేన్‌ను తిరగబెడుతుంది. నిద్రలేమి దానికి తోడవుతుంది. ముందురోజు రాత్రి నుంచి ‘నోట్లో ఏమీ వేసుకోవద్దు’ అన్న ఆదేశంతో మూడు పూటల చాయ్ మానేసిన మనిషికి కెఫీన్ లేక వచ్చే తలనొప్పి మరొకటి. అది సూదికంటే ముందే మొదలై ఉంటుంది, ఎవరూ అడగరు. ఇవి ప్రాణాపాయం లేనివి.

ఈ కోవలో ప్రాణాపాయం ఉన్నవి రెండు, రెండూ బాలింతల్లో గమనించవలసినవే. మొదటిది గర్భిణుల్లో వచ్చే అధిక రక్తపోటు, అనగా ప్రీఎక్లంప్సియా. ఇది కాన్పుతో ముగిసిపోతుందనే భావన తప్పు, ఆరు వారాల లోపు ఎప్పుడైనా కొత్తగా మొదలై తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, చివరకు మూర్ఛ దాకా పోవచ్చు. తలనొప్పి అన్న బాలింతకు ముందుగా చేయవలసింది రక్తపోటు చూడటం. దానికి స్కాన్ అక్కరలేదు, మత్తు డాక్టరు అక్కరలేదు.

రెండవది మెదడులోని సిరలలో రక్తం గడ్డకట్టడం. గర్భధారణలోనూ, కాన్పు తరువాత కొన్ని వారాలపాటూ రక్తానికి గడ్డకట్టే గుణం పెరిగి ఉంటుంది. రక్తహీనత, శరీరంలో నీరు తగ్గడం దాన్ని ఇంకా పెంచుతాయి. పంజగుట్టలోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్) నాడీవైద్యులు ఈ జబ్బుతో తమ రిజిస్ట్రీలో చేరిన 428 మంది రోగుల వివరాలను 2012లో ప్రచురించారు. ఆ రోగులలో అత్యధికులకు తలనొప్పే ప్రధాన లక్షణం; రక్తహీనత ముఖ్యమైన కారణాలలో ఒకటిగా నిలిచింది; కాన్పు తరువాతి స్థితి కూడా ఆ కారణాల పట్టికలో ఉంది. వారిలో సగానికి కొంచెం పైగా పురుషులే కావడం వల్ల, ఇది బాలింతల జబ్బు మాత్రమేనన్న పాత అభిప్రాయాన్ని కూడా ఆ నివేదిక సడలించింది. బాలింతకు నీళ్లు ఎక్కువ ఇస్తే పొట్ట పెరుగుతుందని, పథ్యం పేరుతో గ్లాసులు లెక్కపెట్టి ఇచ్చే ఇళ్లు ఈ ప్రాంతంలో ఇంకా ఉన్నాయి. చెవుల్లో దూది పెట్టి చల్లగాలి సోకిందనుకుంటూ రోజులు గడిపే ఇళ్లు కూడా ఉన్నాయి. సిరల్లో గడ్డ ఉన్నప్పుడు నొప్పి పడుకున్నా తగ్గదు, ఒక్కోసారి పడుకుంటే పెరుగుతుంది. వాంతులు, మూర్ఛ, ఒక చేయి లేదా కాలు బలహీనపడటం దాన్ని అనుసరిస్తాయి. గడ్డ మామూలు స్కాన్‌లో కనిపించకపోవచ్చు, సిరలను ప్రత్యేకంగా చూపే పరీక్ష కావాలి. చికిత్స రక్తాన్ని పలుచబరిచే మందులే కనుక, స్పైనల్ తలనొప్పి అని పొరబడి ఇక్కడ బ్లడ్ ప్యాచ్ చేస్తే విలువైన కాలం పోతుంది.

సూక్ష్మక్రిములు ద్రవంలోకి చేరడం అరుదు, కాని జరిగినప్పుడు దారుణం. నోటిలో సహజంగా ఉండే స్ట్రెప్టోకాకస్ సాలివేరియస్ అనే క్రిమి, మాస్కు లేకుండా సూది వేసేవారి నోటి తుంపరల ద్వారా చేరి, ఒకటి రెండు రోజుల్లోనే మెదడు పొరల వాపుకు దారితీసిన సందర్భాలు నమోదయ్యాయి. శిలీంధ్రాలు మరోలా ప్రవర్తిస్తాయి. అవి వారాల తరబడి నెమ్మదిగా పెరుగుతాయి. 2005లో కొలంబోలో స్పైనల్ మత్తుతో సిజేరియన్ అయిన స్త్రీలకు ఆస్పర్జిల్లస్ అనే బూజు సోకి మరణాలు సంభవించినప్పుడు, అనుమానం సరిగా నిల్వ చేయని సిరంజిల మీదికి వెళ్లింది. 2012లో అమెరికాలో ఒకే ఔషధ తయారీ కేంద్రం నుంచి వెళ్లిన కలుషిత స్టెరాయిడ్ ఇంజెక్షన్ల వల్ల 20 రాష్ట్రాలలో 753 మందికి జబ్బు సోకి 64 మంది మరణించారు. వారిలో చాలామంది నడుము నొప్పికి సూది వేయించుకున్నవారే. 2022లో మెక్సికోలోని దురాంగో నగరంలో స్పైనల్ మత్తు పొందిన ఎందరో తల్లులు ఫ్యుజేరియం బూజుకు బలయ్యారు. ఈ మూడు చోట్లా తప్పును సూది వేసిన చేతిలోనే కాక, దానికి ముందరి నిల్వలో, తయారీలో, శుభ్రతలో వెతకవలసి వచ్చింది. కర్మన్‌ఘాట్ నుంచి సాగర్ రోడ్డు మీదుగా చేరుకోగల ఇబ్రహీంపట్నంలో 2022 ఆగస్టులో కుటుంబ నియంత్రణ శిబిరంలో శస్త్రచికిత్స చేయించుకున్న 34 మంది స్త్రీలలో నలుగురు మరణించిన ఘటనకు వెన్ను సూదితో సంబంధం లేదు. అయినా శుభ్రత తప్పితే చిన్న శస్త్రచికిత్స ఏ స్థాయికి పోతుందో ఈ ప్రాంతానికి అది తెలిపింది. జ్వరం, మెడ బిగుసుకోవడం, వెలుతురు చూడలేకపోవడం తలనొప్పితో కలిసి వచ్చినప్పుడు ద్రవాన్ని పరీక్షించక తప్పదు.

తప్పు మందు ద్రవంలోకి చేరడం ఇంకో కారణం, ఇది పూర్తిగా మనుషులు సృష్టించినది. కాన్పు రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ వాడకం 2017 తరువాత బాగా పెరిగింది. ఆ గాజు సీసా, వెన్ను మత్తుకు వాడే బుపివకెయిన్ సీసా ఒకేలా ఉండటం వల్ల ఒకదానికి బదులు మరొకటి ఎక్కించిన ఘటనలు పలు దేశాలలో జరిగాయి. నడుము కింద మత్తు రాకపోగా పిరుదుల్లో, కాళ్లలో భరించలేని నొప్పి, కండరాల కుదుపులు, మూర్ఛ, గుండె లయ తప్పడం వెంటవెంటనే వస్తాయి. నివేదికలకెక్కిన రోగులలో దాదాపు సగంమంది మరణించారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిపై హెచ్చరిక జారీ చేసింది. రెండు సీసాలను వేర్వేరు చోట్ల పెట్టడం, ఎక్కించేముందు పేరు బిగ్గరగా చదవడం తప్ప దీనికి గొప్ప సాంకేతిక పరిష్కారమేమీ అక్కరలేదు.

తల నుంచి కాళ్లకు వస్తే, మత్తు దిగవలసిన నాలుగైదు గంటల తరువాత కూడా కాళ్లు కదలకపోవడం, లేదా ఒకసారి తిరిగివచ్చిన కదలిక మళ్లీ పోవడం అత్యవసర పరిస్థితి. ఎపిడ్యూరల్ జాగాలో రక్తం చేరి నరాలను నొక్కుతుంటే ఎనిమిది గంటల్లోపు శస్త్రచికిత్సతో తొలగించినవారికి కోలుకునే అవకాశం ఎక్కువ, ఆపైన అది వేగంగా తగ్గుతుంది. రక్తం పలుచన చేసే మందులు వాడే వృద్ధులలో ఈ ప్రమాదం ఎక్కువ, ఆరోగ్యవంతులైన బాలింతలలో అతి తక్కువ. సూది మరీ పైన పడి వెన్నుపాము కొసకు తగలడం ఇంకొకటి. వేళ్లతో తడిమి వెన్నుపూసల సంఖ్య లెక్కించడంలో అనుభవజ్ఞులు కూడా ఒకటి రెండు పూసలు పొరబడతారని అధ్యయనాలు చూపాయి. లిగ్నోకెయిన్ వాడిన తరువాత పిరుదుల నుంచి తొడల్లోకి పాకే నొప్పి కొద్ది రోజుల్లో దానంతటదే పోతుంది. కాలి పాదం వేలాడటం, తొడ ముందుభాగం తిమ్మిరెక్కడం వంటివాటిలో సూది కంటే ఎక్కువసార్లు దోషి కాన్పే: బిడ్డ తల కటిలోని నరాలను నొక్కడం, కాళ్లు చాలాసేపు పైకెత్తి ఉంచడం అందుకు కారణాలు. నొప్పికి వెన్నులోకి స్టెరాయిడ్ ఇచ్చేటప్పుడు, ముఖ్యంగా మెడ దగ్గర, రేణువులు గల మందు సన్నని ధమనిలోకి పోతే పక్షవాతం రావచ్చు; ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ సూదుల వల్ల పక్షవాతం వంటి అరుదైన హాని జరగవచ్చునని 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఈ ప్రాంతంలో నొప్పి సూదులు వేసే కేంద్రాలు పెరుగుతున్న కొద్దీ ఈ హెచ్చరికకు ప్రాముఖ్యం పెరుగుతుంది.

సిజేరియన్ అయిన పదేళ్లకు కూడా ‘ఆ సూది వల్లే’ అనే నడుము నొప్పి విషయంలో మాత్రం సూదిని నిర్దోషిగా విడిచిపెట్టవచ్చు. సూది పడిన చోట కొద్ది రోజుల నొప్పి సహజమే కాని, మత్తు పొందినవారినీ పొందనివారినీ పోల్చిన పరిశోధనల్లో దీర్ఘకాలిక నడుము నొప్పిలో తేడా కనపడలేదు. మొత్తం మీద ప్రమాదం ఎంత అన్నదానికి బ్రిటన్‌లో 2009లో వెలువడిన జాతీయ లెక్క మంచి ఆధారం: ఏడాదిలో ఇచ్చిన 7,07,455 వెన్ను మత్తులలో శాశ్వత హాని లక్షకు రెండు నుంచి నాలుగు మందికి మాత్రమే జరిగింది. లెక్క కట్టే వ్యవస్థ ఉంది కాబట్టి బ్రిటన్ ఆ మాట ధైర్యంగా చెప్పగలిగింది.

కర్మన్‌ఘాట్, సరూర్‌నగర్, ఎల్బీనగర్ వాసులకు వనస్థలిపురంలో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది, నాడీవైద్యులున్న పంజగుట్ట నిమ్స్‌కు మెట్రో మార్గం నేరుగా ఉంది, నడవలేని స్థితిలో 108 అంబులెన్స్ ఉంది. ఆసుపత్రులు డిశ్చార్జి కాగితం మీద వెన్నుకు వేసిన సూది రకం, ఎన్నిసార్లు ప్రయత్నించారు, ఏ మందు, ఎంత మోతాదు అన్న నాలుగు వివరాలు రాసి ఇవ్వాలి. రోగి బంధువులు ఆ కాగితాన్ని అడిగి తీసుకుని, పడుకున్నా తగ్గని తలనొప్పి, జ్వరం, మూర్ఛ, చూపు రెండుగా కనిపించడం, కాళ్ల బలహీనత, మూత్రం ఆగిపోవడం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే దాకా ఆగకుండా ఆ కాగితంతో సహా ఆసుపత్రికి బయలుదేరాలి.